పది గంటల మబ్బు

"మీ ప్రాంతంలో మా సేవలు సవ్యంగా ఉన్నాయి. పచ్చని భవిష్యత్తు కోసం మాతో చేయి కలిపినందుకు ధన్యవాదాలు" అంది ఫోన్లో ఆడగొంతు. ఆ ముక్క వినడం కోసం నేను ఇంట్లోంచి బయల్దేరి, కాలవ మీద వంతెన దాటి, పక్క ఊరి టవర్ అందేచోట ఎండలో నిలబడి ఉన్నాను. మా ఊరి టవర్ మా పెరట్లోనే ఉంది. దాని కాళ్ళ దగ్గర నిలబడితే నా ఫోన్లో ఒక్క గీత కూడా కనబడదు. ఆ గొంతుని నాలుగు దులుపుదామంటే అది మనిషి గొంతు కాదు, మర. "మీ సమస్య పరిష్కారమైతే ఒకటి నొక్కండి" అంది. కాకపోతే ఏం నొక్కాలో చెప్పకుండా పెట్టేసింది.

ఆ వేసవంతా నా బతుకు ఆ వంతెన మీదే తెల్లారింది.

ఈ టవర్ మా పెరట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. మాది పెంకుటిల్లు. చుట్టూ కొబ్బరితోట. మిట్టమధ్యాహ్నం కూడా నేలమీద ఎండ చారలు చారలుగా పడుతుందే తప్ప ఒక చాప పరిచేంత జాగాలో నిండుగా పడదు. ఒక్కచోట మాత్రం, కొబ్బరికాయలు పోసే పాక వెనక, ఎప్పుడో తుపానుకి చెట్లు కూలిపోయిన దగ్గర ఖాళీగా ఉండేది. మా అత్తగారు ఏటా మామిడి తాండ్ర అక్కడే పోసేవారు. టవర్ వాళ్ళు వచ్చి తోటంతా తిరిగి తిరిగి సరిగ్గా ఆ జాగానే అడిగారు. మా ఆయన సరేనన్నారు. మొదట్లో టవరూ, దాని పక్కన డీజిల్ జనరేటరూ ఒక మూల ఉండేవి. మిగతా జాగాలో అత్తగారు తాండ్ర పోసుకుంటూ, ఆ మోతనీ పొగనీ తిట్టుకుంటూ గడిపేశారు. తరవాత కంపెనీ వాళ్ళకి పచ్చదనం మీద మనసు మళ్ళింది. జనరేటర్ తీసుకుపోయారు. మిగిలిన జాగా అంతా సోలార్ ప్యానెళ్ళు బిగించి, బ్యాటరీలు పెట్టి, చుట్టూ ఇనుప కంచె వేసి, గేటుకి తాళం వేసి, తాళంచెవి ఒకటి మాకిచ్చారు.

"సోలార్‌కి నిండా ఎండ కావాలండి అమ్మగారండి" అన్నాడు బిగించడానికి వచ్చినతను.

"నా తాండ్రకీ అదే కావాలి కదా నాయనా" అన్నారు అత్తగారు.

అతను నవ్వాడు. మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆ ఏడు మా ఇంట్లో తాండ్ర లేదు. మరుసటి ఏడు మళ్ళీ వంటింటి నిండా మామిడిపళ్ళ రసం వాసన వచ్చింది. పక్కింటివాళ్ళ డాబా మీద పోసుకుంటున్నారేమో అనుకున్నాను. పొద్దున్న తొమ్మిదిన్నరకి నేను సహకార సంఘం ఆఫీసుకి పోతే సాయంత్రం అయిదు దాటాక వస్తాను. వచ్చేసరికి చాపలు వెనక పంచలో గుడ్డ కప్పి ఉంటాయి. అంతకుమించి అడిగే తీరిక నాకెక్కడిది?

ఇక మా ఆయన సంగతి. మాకు ఊరి చివర రెండు రొయ్యల చెరువులున్నాయి. క్రితం పంట తెల్లమచ్చ రోగం తగిలి పోయింది. ఈ పంట కూడా పోతే చెరువులు ఇంకెవరికో కౌలుకిచ్చి అరుగుమీద కూర్చోవడమేనని ఆయనే అన్నారు. ఊరికే బెదిరించే మనిషి కాదు. ఆ మాట అన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సహించలేదు. రొయ్యలతో చిక్కేమిటంటే వాటికి నీళ్ళలో గాలి ఆడాలి. దానికోసం చెరువులో ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ మరీ తగ్గిపోతుంది. ఆ వేళప్పుడు కరెంటు పోయి, గట్టు మీద జనరేటర్ ఎవరూ వేయకపోతే, తెల్లారేసరికి పంట మొత్తం చచ్చి తేలిపోతుంది.

అందుకని చెరువు దగ్గర కాపలా మనిషి ఉండేవాడు. అతను ఇంకొకరి చెరువుకి వెళ్ళిపోయాడు. ఆ చోటికి మా ఆయన ఒక పెట్టె కొనుక్కొచ్చారు. పెట్టెలో సిమ్ము, పెట్టె నెత్తిన అరచేయంత సోలార్ పలక. కరెంటు పోతే మా ఇద్దరి ఫోన్లూ మోగుతాయి. మంచం మీంచి బొటనవేలితో నొక్కితే గట్టు మీద జనరేటర్ దానంతటదే మొదలవుతుంది. కరెంటొచ్చాక ఆగిపోతుంది.

"డీజిల్ సగానికి సగం తగ్గుద్ది చూస్కో. కావలసినంతసేపే తిరుగుద్ది. పొగ తక్కువ, నిద్ర ఎక్కువ" అన్నారు ఆయన, తనే కనిపెట్టినంత గర్వంగా.

నిద్ర ఎక్కువన్నది నిజమే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంత గుర్రు పెట్టి పడుకోవడం అప్పుడే చూశాను. ఆ నిద్ర పెట్టెని నమ్ముకుంది, పెట్టె సిగ్నల్ని నమ్ముకుంది, సిగ్నల్ టవర్ని నమ్ముకుంది, టవర్ మా పెరట్లో ఎండని నమ్ముకుంది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

మామిడిపళ్ళ రోజులు మొదలయ్యాక ఒక తెల్లవారుజామున ఉక్క పోసి మెలకువ వచ్చింది. ఫ్యాను తిరగడం లేదు. ఫోన్లు మోగలేదు. చూస్తే ఇద్దరి ఫోన్లలోనూ సిగ్నల్ లేదు. ఆయన చొక్కా కూడా వేసుకోకుండా బండి తీసి పరిగెత్తారు. వెళ్ళేసరికి రొయ్యలు అంచులకి చేరి పైకి వస్తున్నాయట. హ్యాండిల్ తిప్పి జనరేటర్ వేసి ఎలాగో దక్కించారు. ఇంటికి వచ్చి కాఫీ గ్లాసు అందుకున్నారు. "ఇంకో గంట ఆలస్యమైతే అయిపోయేది" అన్నారు.

తరవాత అది మామూలైపోయింది. కరెంటు ఉన్నంతసేపు టవర్ బాగానే ఉండేది. కరెంటు పోయిన కాసేపటికే, బ్యాటరీలో సరుకు లేనట్టు, సిగ్నల్ కూడా చల్లగా జారుకునేది. వేసవి గాలివానలకి మా వైపు కరెంటు ఎన్నిసార్లు పోతుందో చెప్పనక్కర్లేదు. ఊళ్ళో వాళ్ళందరూ నామీద పడ్డారు. టవర్ మా పెరట్లో ఉంది కాబట్టి దాని మీట మా వంటింట్లో ఉందనుకున్నారు. "ఏవండీ, మీ టవర్‌కి జొరమొచ్చిందాండి?" అని పాలకేంద్రం దగ్గర ఒకాయన అందరూ వినేలా అడిగాడు. నాకు ఒళ్ళు మండింది.

కంపెనీ వాళ్ళ దగ్గర నా నంబరుంది. చీటికీ మాటికీ ఫోన్లు వస్తాయని మా ఆయన తెలివిగా తన నంబరు బదులు నాది ఇచ్చారు. ఆ నంబరుకి మెసేజీలు రావడం మొదలైంది. 'మీ సైట్‌లో సౌర ఉత్పత్తి తగ్గినది. ప్యానెళ్ళపై దుమ్ము ఉన్నట్లు గుర్తించబడినది. శుభ్రపరచవలసినదిగా కోరుతున్నాము.' మా తోటలో దుమ్మెక్కడిది, ఏడాది పొడుగునా తడి నేలాయె. అయినా ఎక్కడో చల్లని గదిలో కంప్యూటర్ చెప్పిందంటే కారణం ఉంటుందనుకున్నాను. పొద్దున్నే నా స్నానం కన్నా ముందు ప్యానెళ్ళకి తలంటు పోశాను. మర్నాడు మళ్ళీ దుమ్మన్నది. మళ్ళీ కడిగి, ఫొటో తీసి పంపాను. ఆ మర్నాడు కుంకుడు రసం కూడా వాడాను. మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోన్లో మళ్ళీ దుమ్ము. 'ఇంత కడిగితే ఇత్తడి బిందె కూడా అరిగిపోతుంది' అని జవాబు రాశాను. 'మీ సలహా మాకు అమూల్యమైనది' అని వచ్చింది.

ఒకరోజు అలా రుద్దుతుంటే మా అత్తగారు కరివేపాకు కోసుకోవడానికి అటు వచ్చి, కంచె బయట నిలబడి కాసేపు చూశారు.

"బాగా కడుగుతున్నావమ్మాయ్. ఆ కింద మూలలు కూడా కడుగు, అక్కడ నీళ్ళ చారలు పడ్డాయి" అన్నారు.

ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళకి ఆవిడ నోటివెంట నా పనికి మెప్పు వచ్చింది. పొంగిపోయి మూలలు ఇంకా గట్టిగా రుద్దాను.

చివరికి నేను ఎన్నిసార్లు వంతెన దాటి ఫోన్లు చేశాకో, రాజమండ్రి నుంచి ఒక కుర్ర ఇంజినీరు బండిమీద వచ్చాడు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి కూర్చున్నాను. పరాయి మగమనిషి పెరట్లోకి వస్తున్నాడని తెలిసి అత్తగారు ఆరోజు తాండ్ర చాపలు పంచలోంచి కదపలేదు. పచ్చి తాండ్ర మీదా ఊరుతున్న ఆవకాయ మీదా కొత్త కళ్ళు పడకూడదని ఆవిడ పట్టింపు. అతను ప్యానెళ్ళు చూశాడు. బ్యాటరీలు చూశాడు. వైర్లు లాగి చూశాడు. నిగనిగలాడుతున్న గాజులో మొహం కూడా చూసుకున్నాడు.

"అంతా బాగానే ఉందండి మేడం. ఇంత శుభ్రమైన సైట్ జిల్లాలో లేదండి" అన్నాడు.

"మరి రోజూ దుమ్మూ దుమ్మని నా ప్రాణం తీస్తున్నారేంటండి?"

అతను టాబ్ తీసి ఒక గీత చూపించాడు. రోజూ పొద్దున సూర్యుడితో పాటు గీత పైకి లేస్తోంది. పది గంటలకి కత్తితో కోసినట్టు కింద పడుతోంది. నాలుగింటికి మళ్ళీ కొంచెం లేస్తోంది. ఆరోజు మాత్రం పది దాటినా నిలబడే ఉంది.

"ఇది మబ్బండి. ముందు దుమ్ము అనుకుందండి మా సిస్టం. మీరు కడుగుతున్నారని ఫొటోలు పెట్టాక, మబ్బని మార్చుకుందండి."

"రోజూ పదింటికే వస్తుందాండి మబ్బు? నాలుగింటికి డ్యూటీ దిగిపోద్దా? ఇలాంటి ఎండల్లో, మా ఒక్క పెరటి మీదే?"

"ఆయ్, లోకల్ మబ్బులుంటాయండి" అన్నాడు అతను.

ఎండన పడి వచ్చిన పిల్లాడు కదా అని అత్తగారు మజ్జిగా, పళ్ళెంలో తాండ్ర ముక్కలూ పట్టుకొచ్చారు. అంతకుముందు ఆరిన చాపలోవి. అతను ఒకటి కొరికి, "అమ్మగారండి, అదిరిపోయిందండి. ఒక పక్క మందంగా ఒక పక్క పల్చగా భలే పోశారండి" అన్నాడు.

"ఈ ఏడు అలా కుదిరింది నాయనా" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

నా చేతిలోనూ ఒక ముక్క ఉంది. నిజమే, ఒక చివర వేలెడు మందం, ఇంకో చివర అప్పడమంత పల్చన. నలభై ఏళ్ళుగా తాండ్ర పోస్తున్న చేయి. బల్లపరుపుగా తప్ప పోసి ఎరగదు. రసం ఒక పక్కకి జారితే తప్ప ఇలా ఆరదు. ముక్క పట్టుకుని కంచె వైపు చూశాను. ప్యానెళ్ళన్నీ నడుమెత్తున, దక్షిణానికి వాలి, వరసగా, శుభ్రంగా, వెచ్చగా ఉన్నాయి. ముక్క వాలూ ఆ పలకల వాలూ ఒక్కటే.

పరాయివాడి ముందు ఏం బయటపడతాను? మామూలుగా అడిగినట్టు అడిగాను. "రెండు పలకల మీద మాత్రమే నీడ పడిందనుకోండి, మిగతావి పనిచేస్తాయి కదండీ?"

"చేయవండి. అన్నీ ఒకే వరసలో కలిపామండి. రెండు కూలబడితే మిగతావి కూడా వాటితో పాటే కూలబడతాయండి" అన్నాడు. ఇంకో ముక్క చేతిలో పెట్టి అతన్ని పంపేశాను.

మర్నాడు ఆఫీసులో తలనొప్పని చెప్పి మధ్యాహ్నం ఇంటికి వచ్చేశాను. అబద్ధమేం కాదు. పాక వెనక్కి వెళ్ళాను. కంచె గేటు తీసి ఉంది. చివరి రెండు ప్యానెళ్ళ మీద రెండు తాటాకు చాపలు, వాటి మీద బంగారం రంగులో తాండ్ర. జారిపోకుండా కింద అంచున వెదురు బద్ద అడ్డం పెట్టారు. పక్కన గొడుగు కింద పీటమీద మా అత్తగారు, కాకుల్ని తోలడానికి చేతిలో కొబ్బరీనె.

"అత్తయ్యగారండీ!" అన్నాను.

"అప్పుడే వచ్చేశావేంటి? ఒంట్లో బాగాలేదా?" అన్నారు ఆవిడ, ఏమీ జరగనట్టు.

"ఇక్కడ పోస్తున్నారాండి తాండ్ర?"

"మరెక్కడ పొయ్యను? కుక్కలు రావు, మేకలు రావు, కోళ్ళు రావు. గాజు భలే కాలుతుంది. నువ్వు రోజూ కడుగుతున్నావు కదా, నాకోసమే అనుకున్నాను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. కుంకుడు రసంతో సహా కళ్ళముందు తిరిగింది. గొంతు పెంచి అంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"ఇన్ని పలకలుండగా నేను వాడేది రెండు. పైగా ఎండేమైపోతుంది? గాజు మీద పడ్డ ఎండని గాజు తాగేస్తుందేంటి?"

"అవునండీ! సరిగ్గా అదే చేస్తుందండి! తాగేసి కరెంటు చేస్తుంది. ఆ కరెంటుతో టవర్ నడుస్తుంది. టవర్ ఆగితే మీ అబ్బాయికి ఫోను మోగదు. ఫోను మోగకే ఆరోజు చొక్కా లేకుండా చెరువుకి పరిగెత్తారు!"

కొబ్బరీనె ఆగిపోయింది. "వాడు పరిగెట్టింది దీనివల్లా?" అన్నారు. ఇంకేమీ వాదించలేదు. లేచి, ఇంకా తడిగా ఉన్న తాండ్రని చాపతో సహా మడవబోయారు. పొరలు సగం కూడా పడలేదు. అప్పుడు తీసేస్తే రెండ్రోజుల్లో పులిసి పారబోయడమే. తన జాగా తనని అడగకుండా ఇచ్చేసినప్పుడు కూడా ఆవిడ ఇలా మాట్లాడకుండానే ఊరుకున్నారని అప్పుడు గుర్తొచ్చింది. ఆ చేతులు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. "ఉంచండి, సాయంత్రం మాట్లాడదాం" అని చాప లాక్కుని మళ్ళీ పరిచాను.

రోడ్డు మీద ఆరబెడదామంటే, "లారీల దుమ్ము తింటావా?" అన్నారు. ఆవిడ వాదించే ఓపిక మళ్ళీ తెచ్చుకున్నందుకు లోపల సంతోషించాను. పక్కింటి డాబా మెట్లు ఆవిడ మోకాళ్ళు ఎక్కలేవు. ఆ రెండు పలకల్నీ వరసలోంచి విడదీయమని కంపెనీకి రాశాను. 'మీ అభ్యర్థన విజయవంతంగా ముగించబడినది' అని జవాబొచ్చింది. ఎవరూ రాలేదు, ఏదీ ముగియలేదు.

తీర్పు మా ఆయన చెప్పారు. చెప్పడానికి ముందు పంచలోకి వెళ్ళి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. దానితోనే నాకు అర్థమైపోయింది.

"తాండ్ర అయ్యేదాకా నేను చెరువు దగ్గరే పడుకుంటాలే" అన్నారు.

"ఊరి సంగతేంటండి? మీ అమ్మగారి తాండ్ర కోసం ఊరంతా ఫోన్లు లేకుండా కూర్చోవాలా?"

"నిజం చెప్పేద్దాం" అన్నారు. మర్నాడు పాలకేంద్రం దగ్గర చెప్పారు కూడా. ఊరు ఊరంతా తిడుతుందని నేను తలుపు చాటున నక్కాను. "తాండ్ర కోసమాండి? ముందే చెప్పచ్చు కదండి. మాకో ముక్క పంపండి మరి" అన్నారట అందరూ. అన్నాళ్ళూ నన్ను వేపుకు తిన్న మనుషులే! ఆ ఊరితో వేగడం నావల్ల కాదనుకున్నాను.

ఆయన దుప్పటి తీసుకుని చెరువు గట్టు మీది షెడ్డుకి వెళ్ళారు. కొన్నాళ్ళకి, తాండ్ర ఇంకా చివరి పొరల్లో ఉండగా, తెల్లవారుజామున నా ఫోన్ మోగింది. కరెంటు పోయింది. చిత్రంగా సిగ్నల్ ఉంది. ముందురోజు గాలికి చాపలు తొందరగా తీసేశారు, బ్యాటరీ కాస్త నిండినట్టుంది. నేనే బొటనవేలితో నొక్కాను. 'జనరేటర్ నడుస్తున్నది' అని ఆకుపచ్చ గుర్తు వచ్చింది. చూశారా, ఎండ పడనిస్తే ఎంత బాగా పనిచేస్తుందో, ఆయన ఊరికే దోమల్లో పడుకున్నారు, వచ్చాక చెబుతాను అనుకుంటూ కాఫీ పెట్టుకున్నాను.

ఆయన తెల్లారాక వచ్చారు. మోకాళ్ళదాకా బురద.

"జనరేటర్ నేను వేశానండి, ఫోన్లోంచి" అన్నాను.

"ఏం వేశావు? ఎలక వైరు కొరికేసింది. పెట్టె టిక్కుమంది, ఇంజను కదల్లేదు. చేత్తో తిప్పాను. నేనక్కడ లేకపోతే ఈపాటికి చెరువు తెల్లగా తేలిపోయుండేది" అన్నారు.

నేను ఫోన్ చూశాను. ఆకుపచ్చ గుర్తు అలాగే ఉంది. దాన్ని నమ్ముకుని నేను కాఫీ తాగుతున్నాను. గ్లాసు అరుగు మీద పెట్టేశాను. పంచలో అత్తగారు అంతా విన్నారు. ఒక్క మాట కూడా అనలేదు. ఏదైనా అని ఉంటే జవాబు చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

పంట దక్కింది. పట్టుబడి రోజున గట్టు మీద నిలబడి వలలో ఎగురుతున్న రొయ్యల్ని ఆయన ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టు చూశారు. వైరు బాగుచేయించినా ఆయన ఇప్పటికీ పడక చెరువు దగ్గరే. తాండ్ర కూడా అయిపోయింది. చాపలు కడిగి అటక ఎక్కించిన మర్నాడు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. 'మీ సైట్‌లో మబ్బులు తొలగినవి. పనితీరు అత్యుత్తమం. అభినందనలు.'

చదివి వినిపించాను. అత్తగారు ఒక తాండ్ర ముక్క కోసి, మందంగా ఉన్న చివర నా చేతిలో పెట్టారు.

"వచ్చే ఏడు ఇంకాస్త ముందుగా కడగడం మొదలెట్టమ్మాయ్" అన్నారు.

కుదరదని చెబుదామని నోరు తెరిచాను. నోట్లో తాండ్ర ఉంది.